పాత ప్లేయర్‌కు కొత్త చదువు

మీ క్వార్టర్‌లో టీవీ కింద సొరుగు ఒకసారి తీసి చూడండి. పాత చార్జర్లు, పనిచేయని రిమోట్ల మధ్య ఓ ఎంపీ3 ప్లేయర్ దొరకొచ్చు. అన్న హైదరాబాద్‌లో కోచింగ్‌కు పోయినప్పుడు కొన్నదో, బోనస్ వచ్చిన ఏడాది బాపు కొనిచ్చిందో అయి ఉంటుంది. ఫోన్ వచ్చాక దాన్నెవరూ ముట్టుకోలేదు. పాటలకు ఫోన్ చాలు, నిజమే. కానీ విని చదువుకోవడానికి ఈ చిన్న డబ్బానే నయం. దీంట్లో నోటిఫికేషన్లు రావు, రీల్స్ ఉండవు.

గోలేటి నుంచి మంచిర్యాల కాలేజీకి బస్సులో వెళ్లొచ్చేవాళ్లకు రానూపోనూ రెండు గంటలకు తక్కువ పట్టదు. వారానికి ఆరు రోజులంటే 12 గంటలు, నెలకు దాదాపు 50. గ్రూప్స్‌కో, సింగరేణి పోస్టులకో ప్రిపేరయ్యేవాళ్లకు ఇది తక్కువ టైమేం కాదు.

అయితే పాత ప్లేయర్లతో ఓ చిక్కుంది. 50 నిమిషాల పాఠాన్ని మధ్యలో ఆపితే చాలా ప్లేయర్లలో మళ్లీ మొదటికే వస్తుంది. లెక్చరర్ నెమ్మదిగా చెబుతుంటే వేగం పెంచే వీలుండదు. నిజానికి ఇవి యంత్రం లోపాలు కావు, కంపెనీ అందులో పెట్టిన సాఫ్ట్‌వేర్ లోపాలు. కొన్ని మోడళ్లలో ఆ సాఫ్ట్‌వేర్‌ను మీరే మార్చేయొచ్చు, పైసా ఖర్చు లేకుండా.

దాని పేరు రాక్‌బాక్స్. ఆర్కోస్ అనే కంపెనీ ప్లేయర్‌లోని సాఫ్ట్‌వేర్ నచ్చక స్వీడన్‌కు చెందిన ప్రోగ్రామర్లు బ్యోర్న్ స్టెన్‌బెర్గ్, డేనియల్ స్టెన్‌బెర్గ్, లైనస్ నీల్సన్ ఫెల్ట్‌సింగ్ 2001 చివర్లో సొంతంగా రాయడం మొదలుపెట్టారు. తర్వాత అది ఐపాడ్లకు, శాన్‌డిస్క్ శాన్సా ప్లేయర్లకు పాకింది. డేనియల్ ఎవరో కంప్యూటర్ సైన్స్ వాళ్లకు చెప్పక్కర్లేదు, ‘కర్ల్’ రాసింది ఆయనే.

రాక్‌బాక్స్ వేశాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచే వినొచ్చు. జనరల్ సెట్టింగ్స్‌లో బుక్‌మార్కింగ్‌కు వెళ్లి, ఆపినప్పుడల్లా గుర్తు పెట్టమని చెబితే సరి. సౌండ్ సెట్టింగ్స్‌లో టైమ్‌స్ట్రెచ్ ఆన్ చేసి ప్లేయర్‌ను ఒకసారి ఆపి ఆన్ చేస్తే, గొంతు కీచుగా మారకుండానే వేగం పెంచుకోవచ్చు. మొదట 1.25 రెట్లతో మొదలుపెట్టండి. ఒకేసారి రెండు రెట్లంటే మెదడుకు ఏమీ ఎక్కదు. మెనూలను చదివి వినిపించే సౌకర్యమూ ఉంది. చూపు లేని విద్యార్థులకు నా లెక్కలో ఇదే అన్నింటికన్నా పెద్ద లాభం. డూమ్ గేమ్ కూడా ఆడొచ్చు, ఆ సంగతి పరీక్షలయ్యాక చూసుకోండి.

మీది పనికొస్తుందా?

ముందు వెనకవైపు మోడల్ పేరు చూడండి. ఐపాడ్ క్లాసిక్, ఐపాడ్ వీడియో, మొదటి రెండు తరాల నానో, శాన్సా క్లిప్ ప్లస్, క్లిప్ జిప్, ఫ్యూజ్ లాంటివాటికి నడుస్తుంది. ఐపాడ్ టచ్‌కు, క్లిప్ స్పోర్ట్‌కు నడవదు. లేని బ్లూటూత్‌ను కూడా ఇది తెచ్చిపెట్టదు. బ్యాటరీ నిండా చార్జ్ చేసి, ఉన్న ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాకే పని మొదలుపెట్టండి. రాక్‌బాక్స్ యుటిలిటీ అనే ఉచిత ప్రోగ్రామ్ ప్లేయర్‌ను గుర్తుపట్టి, మిగతాది చేసేస్తుంది. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్ అయితే ముందుగా విండోస్ పద్ధతికి మార్చాలి.

మరి మీ దగ్గరున్నది బజార్లో రెండు మూడు వందలకు కొన్న పేరులేని ప్లేయరా? రాక్‌బాక్స్ ఎక్కదు. అయినా బాధ లేదు. మార్పులు ప్లేయర్‌లో కాకుండా ఫైల్‌లోనే చేయాలి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పాఠం తెరిచి, ‘చేంజ్ టెంపో’తో వేగం పెంచండి. పది నిమిషాల ముక్కలుగా కోయండి. అప్పుడు మధ్యలో ఆగినా పోయేది పది నిమిషాల లోపే. మాటలకు స్టీరియో అక్కర్లేదు, మోనోలో 64 కేబీపీఎస్ చాలు. గంట పాఠం 29 ఎంబీ లోపే వస్తుంది. 4 జీబీ ప్లేయర్‌లో దాదాపు 130 గంటల పాఠాలు పడతాయి.

ఇంకో తిప్పలుంది. ఇలాంటి ప్లేయర్లు చాలావరకు పేర్ల క్రమం చూడవు, ఏ ఫైల్ ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడతాయి. అందుకే 01, 02 అని ఇంగ్లిష్ అక్షరాలతో పేర్లు పెట్టి, ఒక్కొక్కటే వరుసగా కాపీ చేయండి. తెలుగు పేర్లు పెడితే తెరపై గళ్లు గళ్లుగా కనిపించొచ్చు.

వినడానికి ఏముంది అంటారా? ఆకాశవాణి వార్తా విభాగం సైట్‌లో తెలుగు, ఇంగ్లిష్ బులెటిన్ల ఆడియో ఉంటుంది. కరెంట్ అఫైర్స్‌కు రోజుకో బులెటిన్ వినండి. ఇంగ్లిష్ వినికిడికి బీబీసీ వాళ్ల ‘6 మినిట్ ఇంగ్లిష్’ బాగుంటుంది. లిబ్రివాక్స్‌లో కాపీరైట్ తీరిన పుస్తకాలను వాలంటీర్లు చదివిన ఆడియో ఉచితంగా దొరుకుతుంది. నెట్ సరిగా లేని రోజుల కోసం ఆదివారమే డౌన్‌లోడ్ చేసిపెట్టుకోండి.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో మాట. రాక్‌బాక్స్ వేసుకున్నానని రెజ్యూమెలో రాస్తే ఎవరూ పట్టించుకోరు. దాని సోర్స్ కోడ్ చదివితే మాత్రం వేరే కథ. ఎక్కువ భాగం సీ భాషలోనే ఉంది, జీపీఎల్ లైసెన్స్, ఎవరైనా చూడొచ్చు. 30 జీబీ ఐపాడ్ వీడియోలో ఉన్న ర్యామ్ 32 ఎంబీ. అంత చిన్నచోట పాట, మెనూ, ఫైల్ సిస్టమ్ అన్నీ ఎలా ఇమిడ్చారో చూడండి. ఎంబెడెడ్ సిస్టమ్స్ ఇంటర్వ్యూల్లో ఇలాంటివే అడుగుతారు. ప్లేయర్ లేకున్నా కంప్యూటర్‌లోనే నడిపే సిమ్యులేటర్ ఉంది. ఒక చిన్న తప్పు పట్టి, సరిచేసి పంపండి. మీ కోడ్‌ను ఎవరో ఒకరు చదివి వంకలు పెడతారు. ఆ వంకలకు మీరిచ్చిన జవాబులను ఇంటర్వ్యూలో ధైర్యంగా చూపించొచ్చు.

మీ ప్లేయర్‌కు మైక్ ఉంటే ఇంకో పని చేయండి. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కు మీ జవాబు రికార్డ్ చేసి బస్సులో వినండి. మొదటిసారి చెవులు మూసుకోవాలనిపిస్తుంది. ‘యాక్చువల్లీ’ ఎన్నిసార్లన్నారో లెక్కపెట్టుకుని, సాయంత్రం మళ్లీ రికార్డ్ చేయండి.