నిలువ నీడ

పిల్లలూ! బడి వదలగానే మనం ఎక్కడికి వెళతాం? ఇంటికి. పుస్తకాల సంచి ఒక మూల పెట్టి, కాళ్ళు కడుక్కొని, అమ్మ పెట్టింది తింటాం. కాని ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని పిల్లలు కూడా ఉన్నారు. సంపదకు పేరుపొందిన అమెరికాలోనూ అలాంటివారు ఉన్నారంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 2024 జనవరిలో ఒక రాత్రి ఆ దేశమంతటా లెక్క తీశారు. ఇల్లు లేనివారు 7,71,480 మంది అని తేలింది. వారిలో దాదాపు లక్షా యాభైవేల మంది పిల్లలే.

ఇల్లు లేకపోవడమంటే వీధిలో పడుకోవడం ఒక్కటే కాదు. తండ్రికి పని పోతుంది, లేదా తల్లి జబ్బు పడుతుంది. అద్దె పెరుగుతుంది, జీతం పెరగదు. చివరకు ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుంది. అప్పుడు ఆ కుటుంబం కొన్నాళ్ళు బంధువుల ఇంట్లో, మరికొన్నాళ్ళు చౌక హోటలు గదిలో, ఒక్కొక్కప్పుడు కారులోనే తలదాచుకొంటుంది. బంధువుల ఇండ్లలో ఉన్నవారు పైన చెప్పిన లెక్కలోకి రారు. అందువల్ల ఈ కష్టం చాలావరకు కంటికి కనబడదు.

చోటు మారినప్పుడల్లా బడి మారితే చదువు ఏమవుతుంది? ఈ ఆలోచనతోనే అమెరికాలో 1987లో ఒక చట్టం చేసి, తరువాత దానికి సవరణలు చేశారు. దాని ప్రకారం నిలువ నీడ లేని పిల్లలు తమ పాత బడిలోనే చదువుకోవచ్చు. అవసరమైతే వారిని బడికి చేర్చే ఏర్పాటు చేయాలి. కాగితాలు లేవని ఏ ప్రభుత్వ బడీ వారిని తిప్పి పంపరాదు. బంధువుల ఇంట తలదాచుకొన్న పిల్లలకు కూడా ఈ హక్కు ఉంది.

చట్టం ఉంటే చాలదు. పూనుకొనే మనుషులు కావాలి. మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నగరానికి ఎదురుగా, చార్లెస్ నది ఆవలి ఒడ్డున కేంబ్రిడ్జి అనే ఊరు ఉంది. హార్వర్డు విశ్వవిద్యాలయం అక్కడిదే. పిల్లలు గల నిరాశ్రయ కుటుంబాలకు ఆశ్రయం ఇవ్వాలని ఆ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. అదే సంవత్సరంలో హార్వర్డు విద్యార్థులు ఒంటరిగా మిగిలిన పెద్దల కోసం ఒక చర్చి నేలమాళిగలో చలికాలపు ఆశ్రయం తెరిచారు. భోజనం పెట్టడం, పడకలు సర్దడం, రాత్రి మేలుకొని కనిపెట్టుకొని ఉండటం, అన్నీ విద్యార్థుల పనే.

అయితే ఇంటి అండ కోల్పోయిన యువతీ యువకులు పెద్దల మధ్య పడుకోవడానికి భయపడేవారు. అందుచేత 2015లో హార్వర్డు పూర్వ విద్యార్థులు 18 నుండి 24 ఏండ్లవారి కోసం ‘వై టు వై’ అనే ఆశ్రయం వేరుగా నెలకొల్పారు. ‘యువతకు యువతే తోడు’ అని ఆ పేరుకు భావం. అది ఎలా ఉండాలో ఇల్లు లేక కష్టపడిన యువకులనే అడిగి తెలుసుకొన్నారు. బాధపడినవానికే బాధ తెలుసు కదా!

వేసవి సెలవులలో మరొక పని జరుగుతుంది. హార్వర్డులోని ఫిలిప్స్ బ్రూక్స్ హౌస్ సేవాసంఘం బోస్టన్, కేంబ్రిడ్జి పేటలలోని పేద పిల్లలకు శిబిరాలు నడుపుతుంది. కళాశాల విద్యార్థులు పాఠాలు చెబుతారు. అదే పేటలో పెరిగిన హైస్కూలు పిల్లలు వారికి సహాయకులుగా ఉంటారు. వీరిలో కొందరు చిన్నప్పుడు ఆ శిబిరాలకే వచ్చినవారు. కళాశాల విద్యార్థి నాలుగేండ్లకు చదువు ముగించి వెళ్ళిపోతాడు. పేటలోని కుర్రవాడు అక్కడే ఉంటాడు. ఏ పిల్లవాడు రెండు రోజులుగా రాలేదో, ఎందుకు రాలేదో అతనికి ముందుగా తెలుస్తుంది. ఒకరికి చదువు ఉంది, మరొకరికి ఊరి సంగతి తెలుసు. రెండూ కలిస్తేనే పని సాగుతుంది.

విద్యార్థులు అద్దెలు తగ్గించలేరు. అందరికీ ఇండ్లు కట్టించలేరు. అది ప్రభుత్వాలు చేయవలసిన పని. కాని ఒక రాత్రికి పడక, ఒక పూటకు భోజనం, రోజూ పేరుపెట్టి పిలిచే ఒక మనిషి – ఇవి వారు ఇవ్వగలరు.

మీ తరగతికి నడుమలో ఒక కొత్త పిల్లవాడు వస్తే, “మీ ఇల్లు ఎక్కడ?” అని పదేపదే అడగకండి. మీ పక్కన కూర్చోబెట్టుకోండి. జరిగిపోయిన పాఠాలు వ్రాసుకోవడానికి మీ పుస్తకం ఇవ్వండి.