చలిగాలిలోని వేడిమి

భీమవరములో చేపలకు, రొయ్యలకు ఐసు సమకూర్చు ఫ్యాక్టరీలను మనమెరుగుదుము. నీటినుండి వేడిమిని తీసివేసినగాని ఐసు గట్టదు. ఆ వేడిమి నశింపదు. యంత్రము దానిని వెలుపలికి త్రోయును. మనకది వ్యర్థము.

చలిదేశములలో కావలసినది ఆ వేడిమియే. అచ్చటి హీట్ పంపు వెలుపలి గాలిలోని వేడిమిని ఇంటిలోనికి చేర్చును. సున్నకు దిగువ 10 డిగ్రీల గాలిలోను వేడిమి కలదు. అంతకన్న చల్లని ద్రవము దానిని గ్రహించి ఆవిరియగును. ఆవిరిని అదిమినచో మరింత వేడెక్కి, గదికి వేడిమినిచ్చి, తిరిగి ద్రవమగును. 1852లో విలియం థామ్సన్ సూచించిన ఉపాయమిది. నేడు నార్వేలో బహుళవ్యాప్తము.

ఒక పాలు విద్యుత్తుకు రెండు మూడు పాళ్ల వేడిమి లభించును. కాని గోడలు, కిటికీలు వేడిమిని నిలుపనిచో ఆ లాభము నిలువదు. చలిదేశమున ఇల్లు కొను మన బిడ్డలు యంత్రమునకు ముందు గోడలను చూడవలెను.