మీకు తెలుసా? జిఫ్ బొమ్మలకూ లైసెన్సు గొడవ తప్పలేదు!

జిఫ్ ఫార్మాట్‌ను అమెరికాకు చెందిన కంప్యూసర్వ్ సంస్థ 1987లో తెచ్చింది. బొమ్మ సైజు తగ్గించడానికి అందులో ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే పద్ధతిని వాడింది. మళ్లీ మళ్లీ వచ్చే వరుసలకు పొట్టి సంకేతాలు ఇవ్వడమే దాని కిటుకు. చిక్కేమిటంటే, ఆ కిటుకు మీద అమెరికాలో 1985 నాటికే పేటెంటు ఉంది. తర్వాత అది యూనిసిస్ కంపెనీ చేతికి వచ్చింది. జిఫ్ అంతటా పాకిపోయాక, 1994 డిసెంబరు చివర్లో, ఆ ఫైళ్లు వాడే సాఫ్ట్‌వేర్ తయారీదారులు లైసెన్సు తీసుకోవాలన్న ప్రకటన వెలువడింది.

ప్రోగ్రామర్లు భగ్గుమన్నారు.

కొద్ది రోజుల్లోనే, 1995 జనవరిలో, పేటెంటు బెడద లేని కొత్త ఫార్మాట్‌కు శ్రీకారం చుట్టారు. అదే పీఎన్‌జీ. జిఫ్ రంగుల పట్టికలో 256 రంగులకే చోటు; పీఎన్‌జీలో కోటిన్నరకు పైగా! కోపంలో పుట్టినా మేలైన సరుకే. కదిలే బొమ్మలకు మాత్రం అప్పట్లో అందులో చోటివ్వలేదు. జిఫ్ బతికిపోవడానికి అదో పెద్ద కారణం. అమెరికాలో ఆ పేటెంటు గడువు 2003 జూన్ 20న తీరింది.

ఎంపీ3దీ ఇలాంటి కథే. 2017 ఏప్రిల్‌లో దాని లైసెన్సు కార్యక్రమం ముగియగానే, 'ఎంపీ3 చచ్చిపోయింది' అని కొందరు రాసేశారు. నిజానికి తీరింది పేటెంట్ల గడువే. వెంటనే ఫెడోరా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపీ3 తయారీ సౌకర్యాన్ని చేర్చుకుంది. పాత క్యాసెట్లలోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవారికి ఇప్పుడు ఎంపీ3తో పేటెంటు బెంగ లేదు.