పొట్లాలు పంచాక మిగిలే పని

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లోకి బుడమేరు వాగు వచ్చేసింది. కట్టకు గండ్లు పడటంతో చూస్తుండగానే కింది వాటాలు మునిగాయి. పడవలు, హెలికాప్టర్లు, ఆహారం మోసే డ్రోన్లు ఆ తర్వాత వచ్చాయి. అంతకుముందే ఎంతోమందికి పై వాటావాళ్లు తలుపులు తీశారు. ఏ విపత్తులోనైనా మొదటి సాయం ఇరుగుపొరుగుదే. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందో, ఎవరికి నెలలు నిండాయో తెలిసేది వాళ్లకే కదా.

బయటినుంచి వచ్చేవాళ్లకు ఆ తెలివిడి ఉండదు. 2018 కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి చెంగన్నూరు లాంటి లోపలి ఊళ్లకు తెచ్చారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 669 పడవలతో నాలుగు వేలకు పైగా మత్స్యకారులు సాయానికి దిగారు. నీటి వాలు, పడవ నడక వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అయితే నీళ్ల కింద ప్రహరీ ఎక్కడుందో, కరెంటు తీగ ఎక్కడ వేలాడుతోందో చెప్పాల్సింది ఆ ఊరివాళ్లే. ఆ రెండూ కలిసినచోట పడవ నేరుగా ఇంటి గుమ్మానికి చేరింది.

కలవకపోతే ఏమవుతుందో విజయవాడలోనే చూశాం. సాయమంతా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర, పెద్ద రోడ్ల మీద పోగుపడింది. లోపలి వీధులవాళ్లు నడుములోతు నీళ్లలో దాని కోసం నడిచి రావాల్సి వచ్చింది. ఇది ఇచ్చేవాళ్ల మనసులో లోపం కాదు. వ్యాను వెళ్లగలిగేది అంతవరకే. అందుకే వీధికొకరు డోర్ నంబర్లవారీగా జాబితా రాసుకోవాలి: పసిపిల్లల పాలు, ఇన్సులిన్, శానిటరీ ప్యాడ్లు ఎవరికి కావాలో. పులిహోర పొట్లాలు తెచ్చేవాళ్లకు ఆ కాగితమే దారి చూపిస్తుంది.

నా దృష్టిలో అసలు కష్టం నీళ్లు తీశాక మొదలవుతుంది. ఇంటినిండా బురద, ఉబ్బిపోయిన బీరువా తలుపులు, పాడైన ఫ్రిజ్. విజయవాడలో ఇళ్లూ వీధులూ కడగడానికి ఫైరింజన్లు దింపాల్సి వచ్చింది. సరిగ్గా అప్పటికే కెమెరాలు వెళ్లిపోతాయి, స్వచ్ఛంద సేవకుల సెలవులూ అయిపోతాయి. సాయానికి వెళ్లాలనుకునే కాలేజీ పిల్లలకు నేను చెప్పేది ఒకటే: అందరూ మొదటిరోజే పరుగెత్తకండి, కొందరు రెండోవారానికి ఆగండి. పారలు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడరు, వీలైతే ఒక ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకెళ్లండి. అతను వైరింగు చూసేదాకా ఏ ఇంట్లోనూ మెయిన్ స్విచ్ వేయనివ్వకండి. తడిసిన సర్టిఫికెట్లు, పట్టాలు ఉంటే నీడన ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి.