సలహా అద్దెకు తెచ్చుకోండి... తాళం చెవి మాత్రం మీ కొంగుకే!

సంక్రాంతి ఇంకా నెల ఉందనగానే మన వేమూరు, కొల్లూరు, అమృతలూరు వైపు ఏ వీధిలోకి వెళ్ళినా నేతి వాసన ఘుమఘుమలాడుతూ ఉంటుంది. మాగాణుల్లో వరి తర్వాత మినుము, కృష్ణ ఒడ్డు లంకల్లో పసుపు పండే ప్రాంతం కదా! సున్నుండలకీ, పొడులకీ మనకి కొదవేముంది? ఒకప్పుడు కూతురికీ అల్లుడికీ డబ్బాలో పెట్టి పంపించేవాళ్ళం. ఇప్పుడు అదే డబ్బా హైదరాబాదులో పక్కింటావిడ రుచి చూసి, "మాకూ రెండు కిలోలు పంపమనండి" అంటోంది. ఎందరో ఇల్లాళ్ళ వ్యాపారం ఇలా మొదలైందే.

నెలకు పది ఆర్డర్లు వచ్చినన్నాళ్ళూ ఏ ఇబ్బందీ ఉండదు. క్యాలెండరు వెనక రాసుకున్నా సరిపోతుంది. వంద దాటాయా, ఇక చూడండి అవస్థ! డబ్బు పంపిందెవరో, పంపనిదెవరో తెలియదు. ఒకరికి రెండుసార్లు పార్శిలు వెళుతుంది, ఇంకొకరికి పండుగ వెళ్ళిపోయాక చేరుతుంది. బాణలిలో మినపగుళ్ళు మాడుతుంటే పక్కన ఫోను మోగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఉచిత సలహాలిచ్చేవాళ్ళు బయలుదేరతారు. "యాప్ చేయించుకో పిన్నీ" అంటాడొకడు. "వెబ్‌సైటు లేకపోతే ఈ రోజుల్లో ఎవరు కొంటారండీ" అంటారింకొకరు. ఎవరి మాట వినాలి? ఎంత ఖర్చు పెట్టాలి? అసలు పెట్టాలా, వద్దా?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేందుకే ఒక కొత్త రకం సలహాదారులు వచ్చారు. అబ్బే, పెద్ద పెద్ద కంపెనీల వ్యవహారం మనకెందుకని పేజీ తిప్పేయకండి. చివరిదాకా చదవండి.

ఎవరీ సలహాదారు?

పెద్ద కంపెనీల్లో సీటీవో అని ఒక పదవి ఉంటుంది. సీటీవో అనగానే మన వ్యాపారస్తులకు వాణిజ్య పన్నుల అధికారి గుర్తొచ్చి గుండె ఝల్లుమంటుంది. ఈయన ఆయన కాదు లెండి! ఈయన చీఫ్ టెక్నాలజీ ఆఫీసరు. కంపెనీ ఏ కంప్యూటర్లు, ఏ పద్ధతులు వాడాలి, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టకూడదు, రెండేళ్ళ తర్వాత వ్యాపారం ఎటు వెళ్ళాలి అని ఆలోచించే మనిషి. అలాంటి వారికి నెల జీతం లక్షల్లో ఉంటుంది. చిన్న సంస్థలు అంత ఇచ్చుకోలేవు. అందుకని నాలుగైదు సంస్థలు ఒకే అనుభవజ్ఞుణ్ణి నెలకు కొన్ని గంటల చొప్పున పెట్టుకుంటున్నాయి. దీన్నే ఫ్రాక్షనల్ సీటీవో అంటున్నారు. మన మాటల్లో చెప్పాలంటే వంతుల సలహాదారు.

పేరు కొత్తదే కానీ పద్ధతి మనకు పాతదే. గుండె డాక్టరుగారు వారానికొకసారి పట్నం నుంచి వచ్చి చిన్న ఊరి ఆసుపత్రిలో చూసి వెళ్ళడం ఎరగమా? తెనాలి బజారులో ఒకే గుమాస్తా సాయంత్రం పూట నాలుగు కొట్లు తిరిగి లెక్కలు రాసి రావడం చూడలేదా? అంతెందుకు, మన డ్వాక్రా సంఘాలనే తీసుకోండి. ఊళ్ళోని సంఘాల పుస్తకాలన్నీ ఒకరే రాస్తారు. ప్రతి సంఘానికీ ఒక గుమాస్తా అక్కర్లేకపోయింది. నైపుణ్యాన్ని నలుగురం కలిసి పంచుకోవడం మనకెవరూ నేర్పాల్సిన పని లేదు.

ఏం చేస్తారు? ఏం చేయరు?

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వేరు, ప్లాను గీసే ఇంజనీరు వేరు. వెబ్‌సైటు చేసిపెట్టే కుర్రాడు మేస్త్రీ లాంటివాడు. ఏది చెబితే అది కట్టేస్తాడు. ఇక్కడ గోడ అవసరమా అని అడగడం ఇంజనీరు పని. మంచి సలహాదారు రాగానే యాప్ మాట ఎత్తడు. ముందు మీ ఆర్డర్ల పుస్తకం ఇమ్మంటాడు.

ఉదాహరణకి మీరు సున్నుండలు, కంది పొడి, ఆవకాయ అమ్ముతున్నారనుకోండి. మూడు నెలల ఆర్డర్లు ముందు పెట్టుకుని ఇలా అడుగుతారు: వీటిలో రెండోసారి కొన్నవాళ్ళెందరు? ఏ ఊరివాళ్ళు? కొరియరు ఖర్చు పోగా దేని మీద ఎంత మిగిలింది? అప్పుడు తెలుస్తుంది, ఎక్కువగా అమ్ముడయ్యే ఆవకాయ జాడీ బరువు వల్ల దూరం వెళ్ళేకొద్దీ లాభమంతా కొరియరుకే పోతోందని. కంది పొడి తేలిక, పాడవదు, దూరం పంపినా గిట్టుబాటు. సరే, దూరపువాళ్ళకి పొడులు, దగ్గరివాళ్ళకి ఆవకాయ అని ఒక నిర్ణయానికి వస్తారు. చూశారా! ఇందులో కంప్యూటరు కంటే వ్యాపారమే ఎక్కువుంది. సలహాదారుకి డబ్బు ఇచ్చేది ఈ నిర్ణయం కోసమే.

ఆ తర్వాత పరికరాల మాట. వ్యాపారానికి విడిగా ఒక ఫోను నంబరు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ ఉచితమే. అందులో సరుకుల జాబితా, ధరలు పెట్టుకోవచ్చు. "డబ్బు అందింది", "పార్శిలు వెళ్ళింది" అని ప్రతి ఆర్డరుకీ గుర్తు తగిలించుకోవచ్చు. ఇంటి ఖర్చుల ఖాతా వేరు, వ్యాపారం ఖాతా వేరు. వారానికొకసారి లెక్క మరో చోట భద్రపరచడం. చాలామందికి ఇంతే చాలు. "మీకు ఇప్పుడు యాప్ వద్దండీ" అని చెప్పగలిగినవాడే అసలైన సలహాదారు.

మరి గిట్టుబాటు అవుతుందా?

లెక్క వేసుకుందాం. ఒక సలహాదారు గంటకు 1,500 రూపాయలు అడిగారనుకోండి. నెలకు నాలుగు గంటలంటే 6,000. మీకు నెలకు మిగిలేది 12,000 అయితే సగం అక్కడే పోయింది. ఇదేం బేరం? అదే మీలాంటి ఇల్లాళ్ళు ఐదుగురు కలిస్తే మనిషికి 1,200. వేమూరులో పొడులు చేసే ఆవిడ, పక్క ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆవిడ, రేపల్లెలో చీరలమ్మే ఆవిడ... సరుకు వేరైనా తలనొప్పులన్నీ ఒకటే. ఆర్డర్లు, డబ్బు, పార్శిలు, పాత ఖాతాదారులు.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. నెలకు ఇరవై, ముప్ఫై ఆర్డర్లే ఉన్నవాళ్ళకి ఇదేమీ అక్కర్లేదు. గళ్ళ నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు చాలు. పని చేతి కింద ఇమడనప్పుడే సలహాదారు.

ఒకావిడ అనుభవం

నాకు బాగా తెలిసిన ఒకావిడ కథ చెబుతాను. పేరెందుకు లెండి. పచ్చళ్ళలో ఆవిడ చేతి వాసి మా వైపు అందరికీ తెలుసు. బంధువుల కుర్రాడొకడు, "నీకెందుకు పిన్నీ ఈ గొడవంతా, నేను చూసుకుంటాగా" అని ముందుకొచ్చాడు. పేజీ తెరిచాడు, వెబ్‌సైటు పెట్టాడు, ఆర్డర్లు పెరిగాయి. ఆవిడ మురిసిపోయింది. అన్నీ తెరిచింది అతని ఫోను నంబరుతో, అతని మెయిలుతో. ఏడాదిన్నర గడిచాక ఏదో పెళ్ళిలో రెండు కుటుంబాల మధ్యా మాటా మాటా పెరిగింది. అంతే! మర్నాటి నుంచి పేజీ తెరుచుకోలేదు. వందలమంది కొనుగోలుదార్ల నంబర్లు అటే ఉండిపోయాయి. కొన్నాళ్ళకి వెబ్‌సైటు పేరుకి కట్టాల్సిన డబ్బు కట్టక అదీ మూతపడింది.

"దొంగ ఎత్తుకెళ్ళినా ఇంత బాధ ఉండేది కాదమ్మా. నా ఇంటి తాళం నేనే చేతులారా ఇచ్చాను" అందావిడ. చేతిలో విద్య ఉంది కనుక మళ్ళీ మొదలుపెట్టింది. కానీ పోయిన ఖాతాదారుల్లో చాలామంది తిరిగి రాలేదు.

ఇక్కడ కుర్రాడు చెడ్డవాడా మంచివాడా అన్నది కాదు ప్రశ్న. బీరువా తాళం చెవి ఎవరి దగ్గరుండాలి అన్నదే ప్రశ్న. జీతమిచ్చి పెట్టుకున్న సలహాదారు అయినా సరే, ఉచితంగా చేసిపెట్టే మరిది కొడుకైనా సరే, సూత్రం ఒక్కటే. సలహా వాళ్ళది, తాళం మీది.

ఒప్పుకునే ముందు కాగితం మీద రాసుకోండి

1. ఏ పని, నెలకు ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఏ తేదీన ఇవ్వాలి... అన్నీ తెలుగులో, ఒక పేజీలో రాసుకోండి. మొదటిసారి మూడు నెలలకే ఒప్పుకోండి. నచ్చితే పొడిగించుకోవచ్చు.

2. మూడు నెలల తర్వాత ఏమి మారాలో ముందే చెప్పించుకోండి. "వ్యాపారం పెరుగుతుంది" అంటే చాలదు. "తప్పు పార్శిళ్ళు నెలకు పది నుంచి రెండుకు తగ్గాలి" అన్నట్లు లెక్కకు అందేలా ఉండాలి.

3. వెబ్‌సైటు పేరు, పేజీ, మెయిలు అన్నీ మీ పేరున, మీ నంబరుతోనే తెరవాలి. వెబ్‌సైటు పేరుకి గడువు తీరినప్పుడల్లా డబ్బు కడుతూ ఉండాలి. ఎవరి పేరున కొంటే అది వారిదే. గడువు తేదీ మీ క్యాలెండరులో రాసుకోండి.

4. సంకేతపదాలన్నీ ఒక పుస్తకంలో రాసి నగల పక్కన పెట్టుకోండి. సలహాదారు పని ముగించి వెళ్ళిన రోజునే అన్నీ మార్చేయండి. అందులో మొహమాటం వద్దు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే తాళం మార్చమా!

5. బ్యాంకు పిన్ను, ఓటీపీ ఏ సలహాదారుకీ అవసరం లేదు. యూపీఐ 2016లో మొదలైంది, ఇప్పుడు కూరల బండి దగ్గరా ఉంది. అందులో డబ్బు పంపడానికే పిన్ను కావాలి, మనకు రావడానికి అక్కర్లేదు. ఎవరైనా "డబ్బు రావాలంటే పిన్ను నొక్కండి" అంటే అది మోసమే. పొరపాటున మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

6. కొన్నవాళ్ళ పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు వాళ్ళు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. ఇలాంటి వివరాల రక్షణకు మన దేశంలో 2023లో చట్టమే వచ్చింది. ఆ జాబితాను ఇంకెవరికీ ఇవ్వకూడదని ఒప్పందంలో తప్పక రాయించండి.

7. సలహాదారు మరెక్కడో ఉద్యోగం చేస్తున్నవారైతే, వారి కంపెనీ బయటి పనికి ఒప్పుకుంటుందో లేదో అడగండి. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని 300 మందిని తొలగించినట్లు చెప్పారు. మన సున్నుండల వల్ల ఒకరి ఉద్యోగానికి ఎసరు రాకూడదు కదా!

8. కేంద్ర ప్రభుత్వ ఉద్యం రిజిస్ట్రేషను 2020 జులై నుంచి అమల్లో ఉంది. దానికి రుసుము లేదు. అది చేయిస్తామని ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి.

ఎక్కడ వెతకాలి?

మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ 1993లోనే మొదలైంది. హైదరాబాదులో ఆడవాళ్ళ వ్యాపారాల కోసమే 2018 మార్చి 8న వీ హబ్ ప్రారంభమైంది. మనకు ఇంకా దగ్గరలో, మంగళగిరిలో, 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ తెరిచారు. ఇలాంటి చోట్ల అనుభవమున్నవాళ్ళ పరిచయాలు దొరికే వీలుంటుంది. అడిగితే తప్పేముంది?

మరొక చోటు కూడా చూడండి. అది మీ ఇల్లే! పదేళ్ళు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి, పిల్లల కోసం మానేసి ఇంట్లో ఉన్న కోడళ్ళు, కూతుళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు? పూర్తి ఉద్యోగం కుదరనివాళ్ళకి నెలకు కొన్ని గంటల పని చక్కగా కుదురుతుంది. ఇల్లు కదలకుండా ఫోనులోనే చేయవచ్చు. ఒకరి చేతి రుచి, ఇంకొకరి చదువు... రెండూ వృథా కాకుండా ఉంటాయి. ఒకటే షరతు. ఇంటి పిల్లే కదా అని ఊరికే చేయించుకోకండి. పనికి తగ్గ డబ్బు ఇవ్వండి, కాగితం రాసుకోండి. అప్పుడు ఆ అమ్మాయికీ గౌరవం, మీకూ నిశ్చింత.

మన అత్తగార్ల కాలంలో ఆడవాళ్ళు బొడ్లో తాళాల గుత్తి దోపుకుని ఇల్లంతా నడిపారు. వంటకి మనిషినీ, పొలానికి పాలేరునీ పెట్టుకున్నారు, కానీ గుత్తి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ తాళాలు ఫోనులోకి చేరాయి, అంతే తేడా. ఈ రోజు వంట అయ్యాక ఓ పావుగంట కూర్చోండి. మీ వ్యాపారం పేజీ ఎవరి నంబరుతో ఉంది? మెయిలు ఎవరిది? సంకేతపదం మీకు తెలుసా? తెలియకపోతే, ఆ కుర్రాణ్ణి కాఫీకి పిలిచి, "నాన్నా, అవన్నీ ఒకసారి నా పేరుకి మార్చిపెట్టు" అని నవ్వుతూ అడగండి. మాటా మాటా రాకముందే అడగడం అందరికీ మంచిది. ఏమంటారు?