పాచికలు కలిసిరాకపోతే పాత్ర పనికిరాదా?

టేబుల్ చుట్టూ చేరి, ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలో పాత్ర ఆడేవే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు. వీటికి ఆద్యమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వచ్చింది. బలం, తెలివి వంటి ఆరు గుణాలకు మూడేసి పాచికలు వేసి, పడింది పడినట్టే రాసుకోవాలన్నది అందులోని పద్ధతి. అలా పుట్టే బలహీన పాత్రల మీద అపోహలు ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: పాచికలకు వదిలేస్తే అన్నీ పనికిమాలిన పాత్రలే వస్తాయి.

వాస్తవం: మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. అందులో 3 పడే దారి ఒక్కటే, 18కీ ఒక్కటే. 9 నుంచి 12 లోపు పడే దారులు 104. అంటే ఒక్కో గుణానికి దాదాపు సగం సార్లు వచ్చేది మామూలు స్కోరే.

అపోహ: స్కోరు తక్కువైతే తొలి పోరులోనే చావు ఖాయం.

వాస్తవం: అది నిబంధనలను బట్టి ఉంటుంది. 1974 నాటి మొదటి పుస్తకాల్లో బలం 18 ఉన్నా కత్తి దెబ్బ ఒక్క పాయింటూ పెరగదు. ఏ ఆయుధం పట్టినా దెబ్బకు ఒకటే ఆరు ముఖాల పాచిక. యోధుడికి అనుభవ పాయింట్లు పది శాతం ఎక్కువొస్తాయి, అంతే. కాబట్టి బలవంతుడైనా, బలహీనుడైనా ఉచ్చు ఎక్కడుందో వెతకాల్సిందే, అవసరమైతే పారిపోవాల్సిందే.

2014 నాటి ఐదో ఎడిషన్‌లో లెక్క వేరు. 16 ఉన్నవాడికీ 10 ఉన్నవాడికీ ఇరవై ముఖాల పాచిక మీద 3 పాయింట్ల తేడా, అంటే 15 శాతం. ఒకే జట్టులో ఈ తేడా ప్రతి పోరులోనూ తెలుస్తుంది. ఇక్కడ బలహీన పాత్ర ఆడేవారి ఫిర్యాదులో న్యాయముంది. అయితే పాచికలు వద్దనుకునేవారికి ఆ పుస్తకమే ఇచ్చే రెడీమేడ్ స్కోర్లు 15, 14, 13, 12, 10, 8. వాటిలోనూ ఒక లోపం తప్పదు.

అపోహ: బలహీన పాత్రలు పాతకాలపు డిజైన్ లోపం.

వాస్తవం: కావాలనే అలా రాసిన ఆటలున్నాయి. 2012లో వచ్చిన ‘డంజన్ క్రాల్ క్లాసిక్స్’లో ఒక్కో ఆటగాడికి ఇద్దరి నుంచి నలుగురు పల్లెటూరి మనుషులను ఇస్తారు. ఒక్కొక్కరి ప్రాణం సాధారణంగా ఒకటి నుంచి నాలుగు పాయింట్లే. వృత్తినీ పాచికలే తేలుస్తాయి: రైతుకు పంగలకర్ర, ఒక కోడిపెట్ట. చీజ్ చేసేవాడికి దుడ్డుకర్ర, కంపుకొట్టే చీజ్ ముద్ద. వీళ్లను నేరుగా గుహలోకి తోలతారు. బతికి బయటపడ్డవాళ్లే మొదటి లెవెల్ వీరులవుతారు.

అపోహ: ఆట మొదలుకాకముందే పాత్రను చంపేసే ‘ట్రావెలర్’ వట్టి క్రూరత్వం.

వాస్తవం: 1977 నాటి ఈ అంతరిక్ష గేమ్‌లో పాత్ర నాలుగేళ్ల విడతలుగా ఉద్యోగం చేస్తుంది. విడత పెరిగేకొద్దీ నైపుణ్యాలు పెరుగుతాయి, కానీ ప్రతి విడతకూ ప్రాణాల మీదికి తెచ్చే పాచిక వేయాలి. అత్యాశకు అదే పగ్గం. అంత కఠినంగా వద్దనుకునేవారికి 1981 ఎడిషన్‌లో వెసులుబాటు ఇచ్చారు: పాచిక తప్పితే చావు బదులు గాయంతో ఉద్యోగం వదిలి బయటికి రావచ్చు.