ఒకటే వేగం, నెలకో భారం

మే మధ్యాహ్నం. ఫరీదాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటింది. ఫ్యాక్టరీల కూలింగ్ టవర్లు ఈ వేడికి చేతులెత్తేయాలి. కానీ అలా జరగదు. వాటికి అసలు పరీక్ష ఆగస్టులో, ఎండ 34 డిగ్రీలకు తగ్గాక మొదలవుతుంది.

కిటుకంతా గాలిలోని తేమలో ఉంది. టవర్‌లో పైనుంచి జారే వేడినీటిలో కొంత ఆవిరై, మిగతా నీటిని చల్లబరుస్తుంది. ఇంట్లో మట్టికుండ చేసే పనే ఇది. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే ఎంత చూపిస్తుందో, నీటిని అంతకన్నా చల్లగా చేయడం టవర్ తరం కాదు. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున ఈ 'తడి బల్బు' అంకె సుమారు 23. 34 డిగ్రీలు, 75 శాతం తేమ అయితే 30. జనవరి రాత్రుల్లో పదికి లోపే.

ఒకే వేగపు మోటారు ఉన్నచోట ఫ్యాను మాత్రం జనవరిలోనూ ఆగస్టు జోరుతోనే తిరుగుతుంది. ఫ్యాను వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే అది వాడే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వేగాన్ని మార్చే డ్రైవ్, తేలికైన ఎఫ్ఆర్‌పీ రెక్కలు, కాలాన్ని బట్టి రెక్కల కోణం సవరించడం... మార్గాలు తెలియనివేమీ కావు.

చిక్కల్లా అత్యాశతోనే. ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) ఆడిటర్ల కోసం తెచ్చిన పాఠ్యగ్రంథం ప్రకారం, కూలింగ్ నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏసీ కంప్రెసర్ వాడకం 2.7 శాతం పెరగొచ్చు. కంప్రెసర్ ముందు ఫ్యాను ఎంత? గోరంత ఆదాకు కొండంత దండగ. అదే దాద్రీ లాంటి థర్మల్ కేంద్రంలో నీరు ఒక డిగ్రీ చల్లబడితే, ప్రతి యూనిట్ కరెంటుకూ 5 కిలోకేలరీల వేడి మిగలొచ్చన్నది ఆ గ్రంథంలోని లెక్క. అందుకే డ్రైవ్ కొనడానికి ముందు, ఉప్పునీళ్ల వల్ల పట్టిన గారను వదిలించి, మూసుకుపోయిన నాజిళ్లను శుభ్రం చేయించడం మేలు. ఖర్చూ తక్కువే.

అడిగేవారెవరన్నది మరో ప్రశ్న. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం పెద్ద వినియోగదారులకు ఎనర్జీ మేనేజర్‌ను తప్పనిసరి చేసింది. 2012లో మొదలైన 'పాట్' పథకం వారికి లక్ష్యాలూ విధించింది. సాహిబాబాద్, ఫరీదాబాద్ సందుల్లోని చిన్న యూనిట్లు ఈ గీతకు ఇవతలే ఉన్నాయి. అక్కడ మొత్తం ఫ్యాక్టరీకి ఒకటే మీటరైతే ఫ్యాను ఎంత మింగుతోందో బిల్లులో కనిపించదు.

తడి బల్బు థర్మామీటర్ లేకపోతే టవర్ తీరు కూడా అంతుచిక్కదు. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతూ నీరు 32 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. ఆగస్టులో అయితే టవర్ భేషుగ్గా పనిచేస్తున్నట్టు. మే నెలలో అయితే లోపల ఎక్కడో గార పేరుకుందేమో చూసుకోవాలి.